గర్భస్థ శిశువు గుండె చప్పుడు

1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపు రోగుల రొమ్ములోని ధ్వనులను వినుటకు ఉద్దేశింపబడినది. రెండేండ్లకు జెనీవాలో మేయర్ అను వైద్యుడు గర్భవతి ఉదరమునకు చెవి ఆనించి శిశువు గుండె చప్పుడు వినెను. ఆ వార్త అచ్చయినను పలువురి చెవిని పడలేదు.

1821లో కెర్గరదెక్ స్టెతస్కోపుతో ఉమ్మనీటి కదలికను వినగోరెను. వినవచ్చినది వేరొకటి: గడియారపు సవ్వడివంటి చప్పుడు, తల్లి నాడికి రమారమి రెండింతల వేగము! ఆ వేగములోని మార్పులనుబట్టి శిశువు క్షేమమును తెలియవచ్చునా అని అతడు పారిస్ వైద్య అకాడమీ ముందు ప్రశ్నించెను. ఆవిష్కరణకంటె ఈ ప్రశ్నయే గొప్పది.

దీనికి సమాధానము సులభము కాదు. నిమిషమునకు 110 మొదలు 160 వరకు స్పందనలు సహజము. నొప్పి వచ్చినపుడు మాయకు రక్తము తగ్గి, ప్రాణవాయువు చాలక గుండె మందగించవచ్చును. శిశువు తల నొక్కుకొనినను మందగించును. మొదటిది ఆపద, రెండవది సాధారణముగా నిరపాయము. చెవికి రెండును ఒక్కటిగనే తోచవచ్చును.

1895లో పినార్ కొయ్య గొట్టము వచ్చెను. 1958లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ హాన్ స్పందనలను విద్యుత్ యంత్రముచే ఎడతెగక నమోదు చేయు పద్ధతిని ప్రకటించెను. కాగితముపై గీత స్పష్టమే; దాని అర్థమును గూర్చి మాత్రము నిపుణులు తరచు ఏకీభవింపరు. డబ్లిన్‌లో సుమారు 13,000 కాన్పులపై జరిగిన పరిశోధన 1985లో వెలువడెను. యంత్రముతో కనిపెట్టిన శిశువులలో మూర్ఛలు సగమునకు తగ్గినవి, మరణములు తగ్గలేదు. ప్రమాదసూచనలేని కాన్పులకు నేటికిని నడుమనడుమ వినుటయే చాలునని వైద్యసంఘములు చెప్పుచున్నవి; పినార్ గొట్టము ఇంకను మంత్రసానుల చేతిలో ఉన్నది.