తొంభైతొమ్మిదేళ్ళ గుత్త

మామిడితోట ఉన్నవాళ్ళకి గుత్త అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. పూత చూసి వ్యాపారి ఒక మొత్తం చేతిలో పెడతాడు, ఆ ఏడు కాపంతా అతనిది. గాలివానొచ్చి పిందె రాలిపోతే అతని ఖర్మ, విరగకాస్తే అతని అదృష్టం. రైతుకి మాత్రం డబ్బు ముందే వస్తుంది. మామూలుగా ఒక కాపుకి ఇస్తారు, అవసరం గట్టిగా ఉంటే రెండు మూడు కాపులకి ఇస్తారు. తొంభైతొమ్మిది కాపులకి ఇచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశారా? మన ఊళ్ళో కనపడడు గానీ అమెరికాలో ఒక మహానగరమే అలా ఇచ్చింది. కాకపోతే అది మామిడితోట కాదు, ఊరి సొత్తైన కార్ల పార్కింగ్ గ్యారేజీలు.

ఆ ఊరు షికాగో. కథ అర్థం కావాలంటే ముందు చాలా వెనక్కి వెళ్ళాలి. 1836లో మిషిగన్ సరస్సు ఒడ్డున స్థలాలు అమ్ముతూ, అప్పటి కాలువ కమిషనర్లు పటం మీద ఒక మాట రాశారు. ఈ ముక్క జనం ఉమ్మడి నేల, దీని మీద ఎప్పటికీ ఏ కట్టడమూ రాకూడదు అని. తర్వాతి తరం పెద్దలకి ఆ మాట గుర్తుంటే కదా! ఖాళీ జాగా కనిపిస్తే పెద్దలకి ఎక్కడైనా చేతులు దురదే. దాన్ని అడ్డుకున్నది మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి. పోస్టులో సామాన్లు అమ్మే కంపెనీ ఆయనది. 1890 నుంచి 1911 దాకా కోర్టుల చుట్టూ తిరిగి ఆ నేలని ఖాళీగా నిలబెట్టాడు. ఊళ్ళో చాలామంది పెద్దమనుషులు ఆయన్ని తిట్టుకున్నారు. ఇవాళ గ్రాంట్ పార్క్‌లో తిరిగేవాళ్ళంతా ఆయనకి దణ్ణం పెట్టుకోవాలి.

ఈ పాత కథంతా ఎందుకంటే, పార్కు మీద కట్టకూడదు కాబట్టి కార్లు భూమి కిందకి పోవాల్సొచ్చింది. ఊరి నడిబొడ్డుకి కార్లు పెరిగిపోయాయి, పెట్టుకోడానికి చోటు లేదు. 1954లో గ్రాంట్ పార్క్ కింద మొదటి పెద్ద గ్యారేజీ తెరిచారు. పైన గడ్డి, కింద కార్లు. తర్వాత దక్షిణం వైపు ఒకటి, మన్రో వీధి తూర్పున ఒకటి వచ్చాయి. ఇవి ఊరి పార్కుల సంస్థవి. పార్కింగ్ ఫీజుల మీద బాండ్లు అమ్మి కట్టుకోవటం, వచ్చిన ఫీజులతో బాండ్లు తీర్చుకోవటం. లెక్క సుబ్బరంగానే ఉంది.

నాలుగో గ్యారేజీ మిలీనియం పార్క్ కిందది. రైలు పట్టాల మీద కప్పు వేసి పార్కు కట్టాలని 1998లో మేయరు రిచర్డ్ ఎం. డేలీ ప్రకటించినప్పుడు అంచనా 15 కోట్ల డాలర్లు, గడువు 2000. తెరిచింది 2004 జులైలో, ఖర్చు సుమారు 47.5 కోట్లు. (మన ఊళ్ళోనే ఇలా అవుతుందనుకునేవాళ్ళు కాస్త ఊరట చెందొచ్చు.) ఊరి వాటాలో పెద్దభాగాన్ని గ్యారేజీ ఆదాయమే తీర్చాలని లెక్క వేసుకున్నారు. అనుకున్నంత ఆదాయం రాలేదు. అప్పు మాత్రం అనుకున్న తేదీకే వాయిదా అడుగుతుంది.

సరిగ్గా ఆ సమయానికి గుత్త అనే ఆలోచన గాలిలో ఉంది. 2005లోనే షికాగో తన స్కైవే అనే టోల్ రోడ్డుని 99 ఏళ్ళకి ఒక స్పెయిన్-ఆస్ట్రేలియా బృందానికిచ్చి 183 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. రుచి మరిగాక ఆగుతారా! 2006 చివర్లో నాలుగు గ్యారేజీలనీ కలిపి, మొత్తం 9,176 కార్ల చోట్లని, 99 ఏళ్ళకి మోర్గాన్ స్టాన్లీ వాళ్ళ చేతిలో పెట్టారు. వచ్చింది 56.3 కోట్ల డాలర్లు. దాంతో గ్యారేజీల మీది బాండ్ల అప్పు తీర్చారు, కొంత పార్కులకిచ్చారు. మన్రో గ్యారేజీ మీద ఉన్న పాత తోటని తీసేసి 2014 చివర్లో తెరిచిన మ్యాగీ డేలీ పార్కులో కూడా ఈ డబ్బు ఉంది.

ఒక చిన్న భాగహారం చేద్దాం. 56.3 కోట్లని 9,176తో భాగిస్తే ఒక్కో కారు చోటుకి దాదాపు 61 వేల డాలర్లు. దాన్ని 99తో భాగిస్తే ఏడాదికి 620 డాలర్లు, నెలకి యాభై చిల్లర. చాలామంది ఇక్కడే ఆగిపోయి "దోచుకున్నారు" అనేస్తారు. అది తొందరపాటు. ఇవాళ చేతికొచ్చే డాలరూ 2100లో వచ్చే డాలరూ ఒకటి కాదు. వడ్డీ లెక్కేస్తే ఆ ధర మంచిదే. ఎంత మంచిదంటే, కొనుక్కున్నవాళ్ళే మునిగిపోయారు! 2008 మాంద్యంలో కార్లు తగ్గాయి, తెచ్చిన అప్పు తీరలేదు, 2014కల్లా గ్యారేజీలు అప్పిచ్చిన బ్యాంకుల చేతికి పోయాయి. 2016లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ ముందుండి వాటిని మొదటి ధరకంటే బాగా తక్కువకి కొనుక్కుంది. అంటే బేరంలో ఊరే గెలిచింది.

మరి ఊరు ఓడింది ఎక్కడ? కాగితంలో.

ఆ లీజులో ఒక షరతుంది. ఈ గ్యారేజీల చుట్టుపక్కల ఫలానా ప్రాంతంలో జనానికి పార్కింగ్ అమ్ముకునే కొత్త గ్యారేజీలకి ఊరు అనుమతి ఇవ్వకూడదు. ఇస్తే నష్టపరిహారం కట్టాలి. కొనేవాడి వైపు నుంచి చూస్తే న్యాయమే. 56 కోట్లు తీసుకుని పక్కనే ఇంకో దుకాణం తెరిపిస్తే ఎవరూరుకుంటారు? అయితే ఊరంటే ఒక మనిషి కాదు. సంతకం పెట్టే శాఖ వేరు, భవనాలకి అనుమతులిచ్చే శాఖ వేరు. ఈ చేతికి ఆ చేయి ఏం రాసిచ్చిందో తెలియదు.

మిలీనియం పార్కుకి నాలుగడుగుల దూరంలో 2009లో ఆక్వా అని 82 అంతస్తుల భవనం పూర్తయింది. అలలు అలలుగా ఉండే బాల్కనీలతో చాలా అందమైన భవనం, గీసింది జీన్ గ్యాంగ్. దాని కింద ఉన్న గ్యారేజీలో బయటి జనం కూడా డబ్బులిచ్చి కార్లు పెట్టుకోవచ్చని ఊరే అనుమతిచ్చేసింది. గుత్తదారు మధ్యవర్తుల దగ్గరికెళ్ళాడు. మా గ్యారేజీల విలువ పడిపోయింది, కట్టండి అన్నాడు. 2013లో తీర్పొచ్చింది. 5.78 కోట్ల డాలర్లు కట్టమన్నారు. ఊరు కోర్టుకెళ్ళి అక్కడా ఓడింది. వడ్డీతో కలిపి బిల్లు 6 కోట్లు దాటింది. అంటే 2006లో వచ్చిన సొమ్ములో పదో వంతు పైగా ఒక్క అనుమతి కాగితంతో వెనక్కి పోయింది. ఎవరి జేబులోంచి? పన్ను కట్టేవాడి జేబులోంచి.

2008 డిసెంబరులో ఇంకో అడుగు వేశారు. ఈసారి వీధుల్లోని 36 వేల పార్కింగ్ మీటర్లు, 75 ఏళ్ళకి, దాదాపు 115 కోట్ల డాలర్లకి. కౌన్సిలు ముందుకి ప్రతిపాదన వచ్చిన మూడు రోజుల్లో 40-5 ఓట్లతో పాసైపోయింది. 75 ఏళ్ళ ఒప్పందానికి మూడు రోజుల చర్చ! మనం పెళ్ళికి చీరలు కొనటానికి ఇంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటాం. మరుసటి జూన్‌లో ఊరి ఇన్‌స్పెక్టర్ జనరల్ డేవిడ్ హాఫ్‌మన్ లెక్కలు వేసి, ఊరికి కనీసం 97 కోట్లు తక్కువ వచ్చాయని తేల్చాడు. పేటల్లో గంటకి పావలా డాలరున్న మీటరు డాలరైంది. వచ్చిన సొమ్ములో చాలాభాగం బడ్జెట్ చిల్లులు పూడ్చటానికి రెండేళ్ళలో హరించుకుపోయింది. గుత్తదారు పెట్టిన పెట్టుబడి 2020ల మొదట్లోకే మొత్తం వెనక్కొచ్చేసింది. ఇంకా అరవయ్యేళ్ళ కాపు మిగిలుంది.

ఇక్కడా అదే షరతు. ఊరేగింపుకి వీధి మూసినా, సైకిళ్ళకి దారి వేయాలని మీటర్లు తీసేసినా, పరిహారం లెక్కలోకి వస్తుంది. ఓట్లేసి ఎన్నుకున్న మేయరు తన ఊరి వీధిలో సైకిలు గీత గీయాలంటే, తను పుట్టించని ఒక కాగితం వైపు చూడాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, 75 ఏళ్ళ పాటు ఎవరూ మార్చటానికి వీల్లేని ఇంటర్‌ఫేస్‌ని మూడు రోజుల్లో ఖరారు చేసి ప్రొడక్షన్‌లోకి పంపేశారన్నమాట. రాసినవాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు, మెయింటెనెన్స్ మాత్రం పుట్టబోయేవాళ్ళది.

ప్రైవేటువాడికి ఇవ్వటమే తప్పని నేననను. గ్యారేజీ నడపటం నగరపాలక సంస్థే చెయ్యాల్సిన మహాకార్యమేమీ కాదు. టిక్కెట్లు చింపటం, లైట్లు మార్చటం, ఊడవటం గుత్తకిస్తే నష్టమేం లేదు. షికాగో అంతటితో ఆగలేదు. నాలుగు తరాల ఆదాయాన్ని ఒక తరం ఖర్చు పెట్టుకుంది, పైగా ఆ నాలుగు తరాలు తమ ఊరిని ఎలా దిద్దుకోవాలో నిర్ణయించే హక్కుని కూడా దాంతో కలిపి ఇచ్చేసింది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. హక్కు పోతే 2105 దాకా కాచుక్కూర్చోవాలి.

మనకిదంతా దూరపు కథేం కాదు. 2023లో 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు టోలుని 30 ఏళ్ళకి 7,380 కోట్ల రూపాయలకి ఐఆర్‌బీ కంపెనీకి ఇచ్చారు. ప్రభుత్వం మారాక 2024లో విచారణ మాట అసెంబ్లీ దాకా వచ్చింది. గొడవంతా ధర చుట్టూనే నడిచింది. ధర అడగాల్సిందే, కాదనను. దాంతోపాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగాలని షికాగో చెబుతోంది. పక్కన మనం ఏం కట్టకూడదని రాసిచ్చాం? మధ్యలో మనసు మారితే ఎంత కట్టాలి? వచ్చిన డబ్బు కూడా అన్నేళ్ళూ నిలిచేదాని మీద పెట్టామా, లేక ఈ ఏటి ఖర్చుల్లో కలిపేశామా?

1836లో పటం మీద ఒక్క వాక్యం రాసినవాళ్ళూ భవిష్యత్తుని కట్టేశారు, 2006లో లీజు మీద సంతకం పెట్టినవాళ్ళూ కట్టేశారు. మొదటివాళ్ళు కట్టేసింది ఊరి నేల ఊరికే మిగలాలని. రెండోవాళ్ళు కట్టేసింది గుత్తదారు కాపు తగ్గకూడదని. మన ఊళ్ళో ఇలాంటి కాగితం వచ్చినప్పుడు, అది ఈ రెంటిలో ఏ రకమో కౌన్సిలు చేతులెత్తకముందే చదివి తెలుసుకోవటం మన పని.