ఇంద్రవెల్లి స్థూపం: ఎవరి లెక్క?

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు అనుమతి లేదన్నారు పోలీసులు. అయినా గోండులు గూడేల నుంచి నడిచొచ్చిండ్రు. వాళ్లడిగింది సాగులో ఉన్న భూమికి పట్టా, షావుకార్లు గుంజుకున్న భూమి వాపసు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల పేర భూమి మారొద్దని 1970 నాటి 1/70 చట్టం చెబుతూనే ఉంది. జవాబుగా తూటాలొచ్చినయి.

సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. పౌరహక్కుల వాళ్ల లెక్క 60 దాకా పోతుంది. తూటా దెబ్బతో అడవిలోకి పోయి ప్రాణం విడిచినవాడు ఏ కాగితం మీదికెక్కుతడు?

వాళ్ల పేరు మీద లేచిన స్థూపాన్ని 1986లో పేల్చేశారు. తర్వాత సర్కారే మళ్లీ కట్టించింది. కట్టించి, ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడ నిషేధాజ్ఞలు పెట్టింది. రాయి ఉండొచ్చు, మనుషులు చేరొద్దు! 2014లో తెలంగాణ వచ్చాక కూడా ఇదే తీరు సాగింది. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమ్రం భీముకు మాత్రం ట్యాంక్‌బండ్ మీద విగ్రహముంది. నిజాం పోలీసులు చంపితే వీరుడు, మన పోలీసులు చంపితే శాంతిభద్రతల సమస్య.

2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వచ్చి ఇంద్రవెల్లిలో స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అక్కడ పేర్లు 13 దగ్గర ఆగితే మేం ఒప్పుకోం.