మూసీ వచ్చిన ఏడు – ఉస్మానియా కట్టిన ఏళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు హైదరాబాదు చరిత్ర మీద నాలుగు మాటలు వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. గుమాస్తాగా చేరి ఫైళ్ళ మధ్య తల నెరిసినవాణ్ణి. అయితే ఆ నగర చరిత్ర నాకు మొదట తగిలింది కూడా కచేరీలోనే.

1970లలో వృద్ధాప్య పింఛను దరఖాస్తులతో యాలాల్ చుట్టుపక్కల ముసలివాళ్ళు వచ్చేవారు. పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరా ఉండేది కాదు. "ఎప్పుడు పుట్టినవు తాతా?" అంటే "మూసీ వచ్చిన ఏడు పుట్టిన సారూ" అని ఒకాయన జవాబు. నేను తెల్లమొహం వేశాను. పెద్ద గుమాస్తాగారు తల ఎత్తకుండానే "1908 అని వ్రాసుకోవయ్యా" అన్నారు. కాగ్నా ఒడ్డు మనిషికి, నూరు కిలోమీటర్లకు పైగా దూరాన వచ్చిన వరద వయసు లెక్కకు గుర్తు అయింది!

ఆలోచిస్తే మూసీ మనకు పరాయిది కాదు. మన వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. అది తూర్పుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మన కాగ్నా పడమరగా పోయి భీమాలో కలిసి, చివరకు అదే కృష్ణకు చేరుతుంది.

ఆ మూసీ మీద ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పురానాపూల్ కట్టించాడు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ 1591లో నదికి దక్షిణాన హైదరాబాదు నగరాన్ని నెలకొల్పాడు. 1908 సెప్టెంబరు 28న ఆ నదే నగరాన్ని ముంచింది. పదిహేను వేల మంది వరకు మరణించారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు.

మరుసటి ఏడే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరంలో గోడలు కడితే చాలదు, నీటిని పైననే ఆపాలి అన్నది ఆయన సలహా. దాని ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. అంటే వరద వచ్చిన తరువాత పందొమ్మిదేళ్ళ పని! నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచింది కూడా ఈ కాలంలోనే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కథా ఇటువంటిదే. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ అనుమతి ఇచ్చారు. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు ఇళ్ళలో తరగతులు మొదలయ్యాయి. ఆర్ట్స్ కాలేజీకి 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరు 4న ప్రారంభమయింది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ దాని రూపకర్త. దేశంలో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య అంతా బోధించిన మొదటి విశ్వవిద్యాలయం ఇదే. పాఠ్యగ్రంథాలన్నీ ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద శాఖనే పెట్టారు. తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావుగారు అధ్యక్షులుగా పనిచేశారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

మా నాయన ఉర్దూలో నాలుగో తరగతి చదివారు. నా డిగ్రీ చదువు 1969 ఉద్యమంలో ఆగి, మళ్ళీ సాగి పూర్తయ్యాక, ఆయనను తాండూరులో రైలెక్కించి ఆర్ట్స్ కాలేజీ చూపించాను. రాతి గోడ తడిమి చూసి "ఇది మన తాండూరు బండ కాదు" అని నవ్వారు. మెట్ల మీద కూర్చొని అడిగారు: "ఈడ ఇప్పుడు ఏ భాషల చెప్తుండ్రు రా?"

"ఇంగ్లీషుల, నాయినా."

"అప్పుడు ఉర్దూల డాక్టరు చదువు చెప్పిండ్రు. మన తెలుగుల ఎందుకు చెప్పరు?"

1968లో తెలుగు అకాడమీ వచ్చిందనీ, పుస్తకాలు తెస్తున్నారనీ చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఈనాటికీ నా దగ్గర లేదు. నా మనుమలు ఇద్దరూ తెలుగు కూడబలుక్కొని చదువుతారు.

నది పాఠమూ అంతే. జంట జలాశయాల ఎగువ ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో 111 నంబరు జీవో వచ్చింది. ఆ ఆంక్షలు తొలగిస్తూ 2022లో మరో జీవో వచ్చింది. 2025 సెప్టెంబరు చివర జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. టీవీలో చూస్తూ నాకు ఆ తాత మాటే జ్ఞాపకం వచ్చింది. "పరిష్కారమైనది" అని వ్రాసి కట్ట కట్టేసిన ఫైలు మళ్ళీ బల్ల మీదికి వచ్చినట్లయింది.

మిత్రులారా! ఒకటి పందొమ్మిదేళ్ళు, మరొకటి ఇరవై రెండేళ్ళు ఓపికగా కట్టినవి. వాటి ఫలం మన తరం అనుభవించింది. సెలవులకు మనుమలు వచ్చినప్పుడు చార్మినారు చూపించే ముందు ఒకసారి అనంతగిరికి తీసుకుపోయి, ఆ నగరాన్ని పోషించిన, ముంచిన నీరు ఎక్కడ మొదలవుతుందో చూపించండి. తరువాత ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి మా నాయన ప్రశ్న వాళ్ళనూ అడగండి. మనం చెప్పలేని జవాబు వాళ్ళు చెబుతారేమో!