మాయమ్మ తాగిన నీళ్లు

దగ్గరికి జరగండి పిల్లోళ్లారా. మార్గళి చలి ఇది, మోకాళ్లు వణికిస్తాది. ఆ చింతకట్టె ఇంగొకటి మంటలో పెట్టు అబ్బోడా. మీ నాయనకు జేజి, నాకు అమ్మ, ఆమె ముచ్చట చెప్పమని మొన్నటినించీ అడుగుతా ఉండారు కదా, చెప్తా. నిద్రొస్తే పోయి పడుకోండి గానీ, నీళ్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం చెవులు ఇటు పెట్టండి.

మాయమ్మ హోసూరు దిక్కు పిల్ల. ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పుడు మన ధర్మపురి ఇంకా సేలం జిల్లాలోనే ఉండె. 1965 అక్టోబరు 2న మనది వేరే జిల్లా అయింది, అప్పుడు నేను పాపారపట్టి బడికి నడిచిపోతా ఉంటి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, అట్లనే పెరిగినాం. తెల్లారకముందే అమ్మ తిరగలి సద్దు వినిపించేది. రాగులు విసిరి, సంగటి కెలికి, అనపగింజల చారు కాచి మాకు పెట్టి, తను కూలికి పోయేది. మోటబావి నుంచి రెండు బిందెలు ఒకేసారి, ఒకటి తలమీద, ఒకటి చంకన. ఆ నడకలో ఒక్క చుక్క తొణికేది కాదు.

తర్వాత వానలు మొకం చాటేసె. బావుల్లో నీళ్లు అడుగుకు పోయె. లోతుగా బోరు వేసి చేతిపంపు బిగించినారు. ఊరంతా పండగ చేసుకొనె. అమ్మ ఆ పంపుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. మురికి బావి నీళ్లతో వాంతులు, బేదులు అయి పిల్లలు పోతా ఉండిన కాలం అది. ఆ పంపు ఎందరి పానాలో నిలబెట్టింది, అది మరవకూడదు. ఆ నీళ్లు అద్దంలాగా ఉండేవి. వాసన లేదు, రంగు లేదు. పప్పు మాత్రం ఎంతసేపటికీ ఉడికేది కాదు. అందుకని పప్పుకు మాత్రం చెరువు నీళ్లు మోసుకొచ్చేది అమ్మ.

కొన్నేండ్లకు పొద్దున లేస్తానే నడుం పట్టేస్తా ఉందనె. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కె. అందరూ వాతమనిరి. ఊరిలో సగం మంది పెద్దోళ్లకు అదే వాతం, ఎవురూ ఆలోచన చేయలేదు. నాయన వావిలాకు నీళ్లు కాచి పోసె, ఆముదం రుద్దె, ఉప్పు మూట కాచి కాపడం పెట్టె. నల్లేరు పచ్చడి తినిపించె. నొప్పి తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది. మెడ తిప్పలేకపోయె. ఎవురైనా వెనకనించి పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చె.

ఇప్పుడు పొయ్యి సంగతి వినండి. కింద కూచొని వండలేనప్పుడు, వంట కోడళ్ల చేతికిచ్చి మూలన కూచొమ్మని అందరూ చెప్పినారు. ఆమె ఒప్పుకోలేదు. నాయనతో మట్టి, రాళ్లు తెప్పించి పొయ్యిని నడుమెత్తుకు కట్టించుకొనె. నిలబడే సంగటి కెలికేది. అప్పుడు మన పల్లెలో ఎత్తు పొయ్యి ఎవురింట్లోనూ లేదు, చూడటానికి వచ్చేవాళ్లు. కొన్నేండ్లకు వెన్ను వంగిపోయె. అంత ఎత్తు అందక పొయ్యిని సగానికి కొట్టించె. పీట వేయించుకొని దానిమీద కూచొని వండె. ఒళ్లు ఎట్లా మారితే అట్లా పొయ్యిని మార్చుకొనె గానీ, మాకు అన్నం పెట్టే పని ఇంగొకరికి ఇవ్వలేదు.

వెన్ను పూర్తిగా వంగినాక ఆమె చూపు నేలను దాటి పోయేది కాదు. నేను పక్కన నిలబడితే నా కాళ్లే కనపడేవి. అందుకని అమ్మతో మాట్లాడాలంటే కింద కూచొనేది మా ఇంటి అలవాటు అయిపోయె. ఆమెకు ఎదురుగా నిలబడి నేను గట్టిగా మాట్లాడిన రోజు లేదు. నా పెండ్లి మాట కూడా నేలమీద కూచొనే మాట్లాడుకున్నాం. మొకం కనపడకపోయినా, అడుగుల చప్పుడును బట్టి ఎవురికి జ్వరమో, ఎవురు అలిగినారో చెప్పేది.

ఒక ఆడి పద్దెనిమిది పండగకు నాయన అమ్మను హొగెనకల్‌కు తీసుకపోయె. అక్కడ నీటి ఒడ్డున నూనె మర్దన చేసేవాళ్లు ఉంటారు కదా, వాతానికి మంచిదని. ఒళ్లు పట్టించుకొని, కావేరిలో మునిగి, చెంబు నిండా నీళ్లు తెచ్చుకొనె. ఇంటికి రాగానే ఆ నీళ్లతో కందిపప్పు వేసి చూసింది. మెత్తగా ఉడికిపోయె. 'ఈ నీళ్లు మన ఊరికి వస్తే ఎంత బాగుండును' అనె. రెండు పూటల దూరం కూడా లేని ఏరు, మన గొంతులోకి మాత్రం రాలేదు.

చివరకు నేను పట్నం ఆస్పత్రికి తీసుకపోతి. ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ మందు రాయకముందే ఒక మాట అడిగె: 'తాగే నీళ్లు యాడివి?' అప్పుడు తెలిసింది. ఎముకలు గట్టిపడిపోయి, కీళ్ల దగ్గర నరాలకు చోటు లేకుండా పెరిగిపోయినాయి. దీన్ని ఫ్లోరోసిస్ అంటారు. మన కింద ఉండేది గ్రానైటు రాయి. దాంట్లో ఫ్లోరైడు ఉంటాది. నీళ్లు రాతి సందుల్లో చానా కాలం నిలిస్తే అది కరుగుతాది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాది. పిల్లలకు పండ్లమీద గోధుమరంగు మచ్చలు పడతాయి. పెద్దోళ్లకు ఏండ్లు గడిచేకొద్దీ ఎముకలు, కీళ్లు బిగుస్తాయి. ఒకసారి వంగిన వెన్నును నిలబెట్టే మందు లేదు.

ఇది మన ఒక్క ఊరి కష్టం కాదని కూడా తర్వాతే తెలుసుకున్నా. 1937లోనే షార్ట్ అనే డాక్టరు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును చూసి పత్రికలో రాసినాడు. నల్లగొండలో ఎన్ని పల్లెలు ఇదే నీళ్లు తాగి నడుం వంచుకున్నాయో. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టినారు. మన తెలుగోళ్లకు పరిచయమైన జబ్బే, ఈ కొండల్లో మాకు చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఇంటికొచ్చినాక అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తన నడుం గురించి ఒక్క మాట అనలేదు. 'నా చేత్తోనే కదరా మీకు పోసింది. కాచి మరీ పోసినా కదరా' అని ఏడ్చింది. కాస్తే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైపోయేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడతాది. ఆమెకు ఎవురు చెప్పినారు ఆ సంగతి? తప్పు ఆమెది కాదని మేమెంత చెప్పినా ఆ దిగులు పోలేదు.

మరుసటి దినంనించి ఇంట్లో ఆమె చట్టమే. పంపు నీళ్లు గిన్నెలు కడగను, గుడ్డలు ఉతకను మాత్రమే. పెంకుల చూరు కింద రేకు కట్టించి వాననీళ్లు పట్టించె. మొదటి వానను వదిలిపెట్టి, రెండో వాననించి తొట్టిలో నింపించేది. తమిళనాడు సర్కారు ప్రతి ఇంట్లో వాననీళ్లు పట్టాలని 2003లో తప్పనిసరి చేసింది, మా ఇంట్లో అంతకుముందే ఆ తొట్టి నిండింది. చిన్నపిల్లల కుండను తను కూచొనే పీట పక్కనే పెట్టుకొని, మంచినీళ్లు తప్ప వేరేవి పోయనిచ్చేది కాదు. మజ్జిగ, మునగాకు, రాగి సంగటి, చింతపండు చారు రోజూ ఉండాల. రాగుల్లో, పాలల్లో ఉండే సున్నం ఫ్లోరైడును కొంత అడ్డుకుంటాది. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోతాదని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు పిల్లల్లో పరీక్ష చేసి చూసినారు. ఆమెకు ఆ పరీక్షలు తెలియవు. డాక్టరమ్మ చెప్పింది, ఈమె పట్టుకొనె.

2008లో హొగెనకల్ తాగునీటి పథకానికి శంకుస్థాపన జరిగింది. జపాను అప్పు ఇచ్చింది, పందొమ్మిది వందల కోట్లకు పైగా ఖర్చు. ధర్మపురి, కృష్ణగిరి రెండు జిల్లాలకు కావేరి నీళ్లు పంపించేది దాని పని. ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ తగ్గించేదని ఉంది, అంటే మాయమ్మలాంటోళ్ల నొప్పి సర్కారు కాగితం ఎక్కిందన్నమాట. 2013లో నీళ్లు వదిలినారు. మన వీధి కొళాయికి వచ్చినాక అమ్మ మొదటి చెంబు తను తాగలేదు, మీ నాయనకు తాపింది. ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు. కావేరి నీళ్లు తాగే పోయింది, అంతమాత్రం మిగిలింది.

మీ పండ్లు ఒకసారి చూసుకోండి. మీ నాయన పండ్లు చూడండి, నావి చూడండి. మా పండ్లమీద ఉండే మరకలు మీకు లేవు. అమ్మ పట్టుబట్టింది దేనికో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంగ చివరి మాట. కొళాయి రెండు దినాలు రాకపోతే పాత బోరు నీళ్లు తాగేది మొదలుపెడతా ఉండారు ఊర్లో, నేను చూస్తా ఉండా. చూడటానికి తేటగా ఉన్నాయని నమ్మవద్దు. కాచినాం కదా అని కూడా నమ్మవద్దు. కొత్త బోరు వేస్తే ఒక సీసాలో నీళ్లు పట్టి జిల్లా తాగునీటి మండలి పరీక్షశాలకు పంపండి, కాగితం చేతికి వచ్చినాకనే పిల్లలకు పోయండి. మీ ఇంట్లో ఎవురైనా నడుం పట్టేసిందంటే వాతమని వదిలేయకుండా, తాగే నీళ్లు యాడివని ముందు అడగండి.