పెయింట్ కింద పేరు

చౌమహల్లాలో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911లో ఆయన ఇంతెకాల్ అయ్యారు. బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కొలువుకు చేరింది. నవాబుల తవారీఖ్ అందరికీ యాదే. మరి ఆ మోటార్లను నడిపించిన హునర్ ఎవరిది?

మా ఇంటి షెడ్‌లో ప్రతి ఇత్వారం అబ్బా, ఆయన దోస్తులు ఓ పాత మోరిస్ మైనర్ బాగుచేస్తారు. కార్బ్యురేటర్ విప్పి కడుగుతారు. దొరకని బుష్ లేత్ మీద తీయిస్తారు. మొన్న డోర్ రంగు గీకుతుంటే పాత గ్యాస్ వెల్డింగ్ అతుకు బయటపడింది. అబ్బా వేలితో తడిమారు.

"ఎవరో ఉస్తాద్ పని, బేటా. దీన్ని చెరపొద్దు."

యజమానుల పేర్లు రిజిస్టర్లో ఉంటాయి. ఈ మిస్త్రీ పేరు ఎక్కడా లేదు. మీ ఖాందాన్‌లో మిస్త్రీ దాదా ఉంటే, ఆయన పేరు ఇవాళే రాసిపెట్టండి.