"వాలంటీర్" అనే మాట వెనక మన చరిత్ర

పోస్ట్ కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి.

డిగ్రీ అయిపోతది, నోటిఫికేషన్ రాదు. ఇంట్లో "ఇంకెన్నాళ్లు?" అని అడుగుతుంటరు. అప్పుడే ఎవరో వచ్చి "ఊకె ఉండేబదులు మా సంస్థలో వాలంటీర్‌గా చేరు, అనుభవం వస్తది" అంటరు. అలంపూర్, గద్వాల, వనపర్తి, అచ్చంపేట వైపు హాస్టళ్లలో ఉండే మనకు ఈ మాట కొత్త కాదు. చేరాలా, వద్దా? మనకంటే ముందు చదువుకున్నోళ్లను ఎవరు పిలిచారు, ఏం పని ఇచ్చారు, చివరికి వాళ్లకు ఏం మిగిలింది అని చూస్తే జవాబు కొంత దొరుకుతది.

మొదట మార్లవాయి. హైమన్‌డార్ఫ్ 1940లో మన అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితం రాసుకున్నాడు. అదే ఏడాది జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకుల కోసం టీచర్ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారు చేశారు. ఇక్కడ ఒకటి గమనించాలి. "మీ జాతి కోసం ఊరికే చదువు చెప్పండి" అని ఆ యువకులను పిలవలేదు. ముందు పని నేర్పారు, తర్వాత జీతం ఇచ్చి టీచర్లను చేశారు.

రెండోది అక్షరాస్యత ఉద్యమం. 1988లో జాతీయ అక్షరాస్యత మిషన్ వచ్చింది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో చదువుకున్న యువత సాయంత్రాలు కూలి తల్లులకు అక్షరాలు నేర్పింది. జీతం లేదు. ఆ చదువు దగ్గర మొదలైన మాటలే దూబగుంటలో సారా మీద పోరాటమయ్యాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు అయింది. జీతం లేని పని కూడా ఊరిని మార్చగలదని ఇది చెప్తది. కానీ సాయంత్రం రెండు గంటలు వేరు, పొద్దంతా పని వేరు. పగలు తన పని తాను చేసుకునే వీలున్నప్పుడే సాయంత్రం సేవ నిలబడుతది.

మూడోది మనందరికీ తెలిసిన విద్యా వాలంటీర్. పేరు వాలంటీర్, పని మాత్రం పూర్తి టీచర్ పని. తెలంగాణలో నెలకు 12,000 రూపాయలు ఇచ్చేవారు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ తీసుకోలేదు. అదే 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నెంబర్ 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో అది. అంటే పర్మినెంట్ ఉద్యోగానికి ఉన్న పెద్ద తలుపు, తాత్కాలికంగా ఉన్న చిన్న తలుపు ఒకే ఏడాది మూసుకున్నాయి.

తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్లు వచ్చారు. దాదాపు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000. 2021లో పెంచమని అడిగితే ఇది ఉద్యోగం కాదు, సేవ అని జవాబు వచ్చింది. 2024 ఎన్నికల తర్వాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. సేవ అన్నాక తీసేసినా అడిగే హక్కు ఉండదు. ఆ మాటలో ఉన్న మెలిక అదే.

అట్లని సేవ వద్దని మేము అనడం లేదు. 2009 అక్టోబర్‌లో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగాయి. అట్లాంటప్పుడు అన్నం పొట్లం అందించడానికి ఎవరమూ లెక్క చూసుకోం. కానీ ఆపద వేరు, ఏడాది పొడవునా చేసే పని వేరు. జీతం లేకుండా ఏడాది ఆగగలిగేది ఇంట్లో మిగులు ఉన్నోళ్లే. మన అమ్మలు సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసి పంపే పైసలతో మనం చదువుతున్నం. మన ఒక్క నెల కూడా వాళ్ల కూలీలోంచే పోతది.

కాబట్టి ఎవరైనా పిలిస్తే సిగ్గుపడకుండా మూడు అడుగుదాం. ఒకటి, ఏం నేర్పుతారు? కంప్యూటర్ పనా, సర్వేనా, లెక్కలు రాయడమా, లేక కుర్చీలు వేయించి ఫొటోలు దిగడమేనా? రెండు, బస్సు ఛార్జీలు, తిండి ఎవరిది? మూడు, చివర్లో చేసిన పని, చేసిన గంటలు రాసి కాగితం ఇస్తారా? ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలని లెక్క ఉంది, సర్టిఫికెట్ ఉంది. మిగతా సంస్థలను కూడా అట్లాంటి లెక్క అడగడం తప్పు కాదు.

ఇంకోటి. వారానికి ఎన్ని రోజులో, ఎన్ని నెలలో ముందే మాట్లాడుకోవాలి. పరీక్షకు చదివే టైము అందులో కలపొద్దు. జవాబులు బాగుంటే ధైర్యంగా చేరుదాం, మన తండాల్లో, పెంటల్లో పిల్లలకు పనికొచ్చేది చేద్దాం. జవాబు చెప్పకుండా "సేవకు లెక్కలేంది?" అని ఎవరన్నా అంటే, మార్లవాయిలో 1943లోనే లెక్క ఉందని చెప్పండి.

ఇట్ల వాలంటీర్‌గా చేసిన సీనియర్లు మీ అనుభవం కింద రాయండి. వచ్చే బ్యాచ్ వాళ్లు చదువుకుంటరు.