తొమ్మిది కిలోల దారం, తొంభై రెండు కిలోల చేప

2001 మే 11. అమెరికాలోని ఫ్లోరిడా పడమటి తీరం. హోమొసాసా ఊరి ఎదుట, మైళ్ల దూరం పోయినా మనిషి లోతు దాటని సముద్రం. అడుగున ఇసుక తెల్లగా, గడ్డి నల్లగా మచ్చలు మచ్చలుగా కనబడే నీళ్లు. గాలం జిమ్ హాలండ్ జూనియర్ చేతిలో ఉంది. పక్కన గైడ్ స్టీవ్ కిల్‌పాట్రిక్.

వాళ్లు వెతుకుతున్నది టార్పన్ అనే చేపను. ఈకలు చుట్టిన ఉత్తుత్తి ఎరతో రెండు వందల పౌండ్ల టార్పన్‌ను పట్టాలని ఆ నీళ్లలో ఎందరో ఏళ్ల తరబడి తిరిగారు. వాల్‌స్ట్రీట్ ఉద్యోగి టామ్ ఎవాన్స్ వసంతం వస్తే చాలు, ఇక్కడే ఉండేవాడు. 1982 మే నెలలో బిల్లీ పేట్ అనే మరో గాలగాడు 188 పౌండ్ల దాకా వచ్చాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు గడిచినా రెండు వందల గీతను ఎవరూ దాటలేదు.

ఏప్రిల్ చివర్లో నీళ్లు వెచ్చబడగానే టార్పన్లు గుంపులుగా ఈ లోతు తక్కువ సముద్రంలోకి వస్తాయి. వాటి పొలుసు అరచేతి వెడల్పు ఉంటుంది. మొప్పలతో పాటు గాలితిత్తితోనూ శ్వాసించగల చేప ఇది. అందుకే మధ్యమధ్య పైకి వచ్చి, గుటకేసినట్టు గాలి మింగి, వెండి వీపు మెరిపించి మునుగుతుంది. గైడ్ కళ్లు వెతికేది ఆ మెరుపునే. అది కనబడ్డాక ఇంజను చప్పుడు ఉండకూడదు. పొడవాటి గెడ వేసుకుంటూ పడవను మెల్లగా జరపాలి. గాలి రేగి నీటి మీద అలలు లేచినా, మబ్బు కమ్మినా చేప జాడ దొరకదు. ఎండ కావాలి, నీళ్లు తేటగా ఉండాలి, గాలి అదుపులో ఉండాలి. ఆ మూడూ కలిసే రోజులు మే నెలలో కూడా లెక్కపెట్టినట్టే ఉంటాయి.

ఇక దారం సంగతి. అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం నిబంధన ప్రకారం, ఎరకూ ప్రధాన దారానికీ మధ్య ఒక బలహీనమైన ముక్క ఉండి తీరాలి. ఆ రోజు హాలండ్ గాలానికి ఉన్నది ఇరవై పౌండ్ల ముక్క. అంటే తొమ్మిది కిలోల లాగుడు దాటితే పుటుక్కున తెగుతుంది. దానికి పదింతల బరువున్న చేప అవతల ఉంటుంది. టార్పన్ నోరు లోపలంతా ఎముకే. గాలపు ముల్లు దిగడమే కష్టం, దిగినా నిలవడం ఇంకా కష్టం.

ముల్లు తగలగానే టార్పన్ నిలువునా గాల్లోకి లేస్తుంది. తల విదిలించిందంటే దారం తెగిపోతుంది. అందుకే అది లేచిన క్షణంలోనే మనిషి ముందుకు వంగి, గాలపు కర్రను చేప వైపు చాపి దారం వదులు చేయాలి. వంగడం రెప్పపాటు ఆలస్యమైతే ఆ చేప అంతటితో దక్కదు. తర్వాతది కండల పని. లాగడం, వదలడం, మళ్లీ లాగడం. అలసిందనుకున్న చేప పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగిందంటే మళ్లీ కొత్త బలంతో పరుగు తీస్తుంది.

ఆ మే పదకొండున హాలండ్ దారం తెగలేదు. త్రాసు మీద ముల్లు 202 పౌండ్ల 8 ఔన్సుల దగ్గర ఆగింది, అంటే మన లెక్కలో దాదాపు తొంభై రెండు కిలోలు. ఈకల ఎరకు రెండు వందల పౌండ్లు దాటిన టార్పన్ చిక్కడం అదే మొదటిసారి.

ఈ ఘనతను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఇంకోమాట కూడా చెప్పాలి. అంత బరువు తూగేది ఆడ టార్పనే. కోటికి పైగా గుడ్లు మోయగలదు. యాభై ఏళ్లు దాటి బతకగలదు. మాంసం నిండా ముళ్లు కాబట్టి అక్కడివారు ఎవరూ కూర వండుకోరు. రికార్డు కోసమే అంతటి తల్లిచేపను త్రాసుకు వేలాడదీసే పద్ధతి ఎన్నాళ్లో సాగింది. 2013 నుంచి ఫ్లోరిడాలో పట్టిన టార్పన్‌ను వదిలేయాల్సిందే. రికార్డు కోసం ఉంచుకోదలిస్తే యాభై డాలర్ల అనుమతి చీటీ కొనాలి, అదీ ఏడాదికి ఒక్కటే. నలభై అంగుళాలు దాటిన చేపనైతే ఆ చీటీ లేకుండా నీళ్లలోంచి పైకి ఎత్తనే కూడదు. ఈ చట్టం ముప్పై ఏళ్ల ముందే రావలసింది.

హాలండ్ పట్టే నాటికే హోమొసాసాకు వచ్చే గుంపులు పలచబడ్డాయి. పాత గైడ్లు వేలెత్తి చూపేది సముద్రాన్ని కాదు, ఊరి వెనకనున్న ఊటలను. సున్నపురాతి పొరల్లోంచి ఏడాది పొడవునా ఒకే వెచ్చదనంతో ఉబికే మంచినీళ్లు హోమొసాసా నది అయి ఎదుటి సముద్రంలో కలుస్తాయి. ఉప్పూ తీపీ కలిసిన ఆ నీళ్లలో నీలి పీతలు పెరుగుతాయి. పీతలు టార్పన్‌కు ఇష్టమైన మేత. ఊట తగ్గితే ఉప్పు లోపలికి ఎక్కుతుంది, పీత తగ్గుతుంది, చేప దారి మార్చుకుంటుంది. ఇదీ వాళ్ల వాదన. ఇది నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. టార్పన్ ప్రజాతిలోనే రెండో చేప, చిన్నది, మన తీరపు మడుగుల్లోనూ తిరుగుతుంది. దానికీ ఉప్పూ తీపీ కలిసే నీళ్లే పెరిగే చోటు.

హోమొసాసా నదికి కనీసం ఎంత ప్రవాహం మిగలాలో నిర్ణయించేది నైరుతి ఫ్లోరిడా నీటి యాజమాన్య సంస్థ. పడవ దిగిన గైడ్లు ఆ సంస్థ పెట్టే బహిరంగ విచారణలకూ వెళ్లాలి. నీళ్లలో ఏం మారిందో వాళ్లకంటే దగ్గరగా చూసినవాళ్లు తక్కువ.